సీబీపీ రిపోర్టులో కనపడే పొగ

(హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలో కాలేజీ విద్యార్థులు, వాళ్ళ ఇళ్ళ పెద్దవాళ్ళ ముందు ఒక పాథాలజీ అధ్యాపకుడు మాట్లాడిన మాటలకు రాతరూపం. సభలో నుంచి వచ్చిన ప్రశ్నల్ని వచ్చిన చోటే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, కుర్చీలు ఇక్కడే ఖాళీగా ఉన్నాయి. పొగ గురించి మాట్లాడటానికి డాక్టర్ వస్తున్నాడంటే ముందు వరసలో ఎవరూ కూర్చోరు, ఎక్కడ లేపి అడుగుతాడో అని టెన్షన్. నేనేమీ అడగను. తాగేవాళ్ళు చేతులెత్తండి అని కూడా అనను. పక్కన నాన్నగారిని పెట్టుకుని ఎవరు ఎత్తుతారు చెప్పండి? కొన్ని కుర్చీల్లో అయితే నాన్నగారు ఎత్తాలన్నా పక్కన అబ్బాయి ఉన్నాడు.

నేను పాథాలజీ చెప్తాను. మీరు హాస్పిటల్‌కి వెళ్తే నేను మీకు కనపడను, మీ రక్తమూ మీ బయాప్సీ ముక్కా మాత్రమే నా దగ్గరికి వస్తాయి. అందుకని నేనేం చెప్పినా కణాల వైపు నుంచే చెప్తాను. కేన్సర్ జోలికి ఇవాళ వెళ్ళను. ప్యాకెట్ మీద బొమ్మ ఉంది, సినిమా మొదలయ్యే ముందు చూపిస్తారు, అది మీకు తెలుసు. కానీ పొగాకు చంపేది కేన్సర్‌తోనే అనుకుంటే పెద్ద భాగం వదిలేసినట్టే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం పొగాకు వల్ల వచ్చిన గుండె జబ్బుతో ఏడాదికి 19 లక్షల మంది పోతున్నారు, అంటే గుండె జబ్బు చావుల్లో ఐదింట ఒకటి. ఊపిరితిత్తుల్లోకి పోయిన పొగ ఎక్కడో గుండె రక్తనాళంలో ఏం చేస్తోంది, ఎవరి చేత చేయిస్తోంది, ఇదీ ఇవాల్టి విషయం. వేప్, అంటే ఈ-సిగరెట్, సంగతి కోసమే చాలామంది వచ్చారని నాకు తెలుసు. వస్తాను, కానీ సిగరెట్ సంగతి అర్థం కాకుండా వేప్ సంగతి అర్థం కాదు.

మీలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు సీబీపీ, అంటే రక్తంలో కణాల లెక్క చెప్పే పరీక్ష, చేయించుకునే ఉంటారు. నాలుగు రోజులు జ్వరం తగ్గకపోతే డాక్టర్ మొదట రాసేది అదే. అందులో హిమోగ్లోబిన్‌తో పాటు టోటల్ డబ్ల్యూబీసీ కౌంట్ అని ఒక లైను ఉంటుంది, పెద్దవాళ్ళకి 4,000 నుంచి 11,000 మధ్య ఉంటే నార్మల్ అంటాం. రోజూ పొగ తాగేవాళ్ళ రిపోర్టులు కొన్ని వందలు ఒక పక్కన, తాగనివాళ్ళవి ఒక పక్కన పెట్టి సగటు తీయండి, తాగేవాళ్ళ తెల్ల కణాల కౌంట్ ఎక్కువగా వస్తుంది. ఏ దేశంలో చూసినా, దశాబ్దాలుగా ఇదే. జ్వరం లేదు, చీము లేదు, దగ్గు కూడా లేకపోవచ్చు, మనిషి ఆఫీసుకి వెళ్ళి వస్తున్నాడు, కౌంట్ మాత్రం నార్మల్ పైగీత వైపు జరిగి కూర్చుంటుంది. చాలాసార్లు ఆ గీత దాటదు కాబట్టి రిపోర్టులో బోల్డ్ అక్షరాల్లో పడదు, పేషెంటూ చూడడు, డాక్టరూ చూడడు.

ఇప్పుడు ఆ కణాలు ఎందుకు పెరిగాయి, పెరిగితే నష్టమేంటి? కోవిడ్ తర్వాత మనకి ఇమ్యూనిటీ ఎంత ఉంటే అంత మంచిది అనే నమ్మకం స్థిరపడిపోయింది, కషాయాలూ పొడులూ కొని మరీ తాగాం. అవసరం లేని చోట, అవసరం లేనప్పుడు పనిచేసే ఇమ్యూనిటీ ఎంత చేటు చేస్తుందో కీళ్ళవాతం వచ్చినవాళ్ళని అడగండి. గుండె రక్తనాళాల్లో జరిగేది కూడా చాలావరకు అలాంటిదే.

గుండెపోటు అనగానే మన బుర్రలో ఒక బొమ్మ ఉంది. రక్తనాళం ఒక పైపు, నూనెవస్తువులు తిన్నకొద్దీ లోపల జిడ్డు పేరుకుంటుంది, ఒకరోజు పూర్తిగా మూసుకుపోతుంది. ఈ బొమ్మ గీసింది మా డాక్టర్లే, స్టెంట్ గురించి అయిదు నిమిషాల్లో చెప్పాలంటే ఇంతకంటే సులువైనది లేదు. కానీ ఒక్కటి గమనించారా, ఈ బొమ్మలో సిగరెట్‌కి చోటే లేదు. పొగలో కొవ్వు లేదుగా? మరి కొవ్వు లేని పొగ తాగినవాడి పైపు ఎందుకు మూసుకుపోవాలి? బొమ్మే తప్పు కాబట్టి ఈ ప్రశ్నకి జవాబు దొరకదు.

నిజానికి ఆ అడ్డు, మేం ప్లాక్ అంటాం, నాళం మధ్య ఖాళీలో అంటుకునేది కాదు, గోడ లోపల పెరిగేది. రక్తనాళం లోపలి వైపు ఒకే ఒక్క కణం మందాన ఒక పొర ఉంటుంది, ఎండోథీలియం అంటాం. అది ఆరోగ్యంగా ఉన్నంతసేపూ నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేస్తూ నాళాన్ని వదులుగా ఉంచుతుంది, రక్తంలో పోయే తెల్ల కణాల్ని తన మీద అంటుకోనివ్వదు. ఆ పొర దెబ్బతింటే రెండు జరుగుతాయి. ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ గోడలోకి దూరి అక్కడే చిక్కుకుపోయి ఆక్సిడైజ్ అవుతుంది, అంటే ఆక్సిజన్‌తో కలిసి పాడవుతుంది. పొర తన ఉపరితలం మీద కొన్ని ప్రోటీన్లు బయటపెడుతుంది, వీకామ్, ఐకామ్ అని వాటి పేర్లు, వాటిని పట్టుకుని మోనోసైట్లు అనే తెల్ల కణాలు ఆగుతాయి, ఆగి గోడలోకి జారతాయి. లోపలికి వెళ్ళాక మోనోసైట్ మాక్రోఫేజ్‌గా మారుతుంది, మాక్రోఫేజ్ పని పాడైనదాన్ని తినడం. మామూలు ఎల్‌డీఎల్‌ని అది పెద్దగా ముట్టుకోదు, ఆక్సిడైజ్ అయినదాన్ని మాత్రం ఎంత ఉంటే అంత తింటూనే ఉంటుంది, కడుపు నిండిందని ఆపే ఏర్పాటు దానికి లేదు. తిని తిని కొవ్వు బొట్లతో ఉబ్బిపోయిన ఆ కణాన్ని ఫోమ్ సెల్ అంటాం. మైక్రోస్కోప్ కింద చాలా అందంగా ఉంటుంది, ఆ మాట పేషెంట్ల ముందు అనకూడదు గానీ.

ఆ ఫోమ్ సెల్స్ అక్కడే చచ్చిపోతాయి. చచ్చినవాటిని ఎత్తిపారేయడానికి ఇంకొన్ని మాక్రోఫేజ్‌లు రావాలి, వచ్చినవి కూడా పాడైపోతే మధ్యలో కుళ్ళు మిగిలిపోతుంది. దాని మీద కండర కణాలు ఒక మూత కడతాయి. మాక్రోఫేజ్‌లు విడిచే ఎంజైములు ఆ మూతని లోపలి నుంచి తింటాయి. ఏదో ఒకరోజు మూత చిట్లుతుంది, రక్తం ఆ కుళ్ళుని తాకుతుంది, గడ్డ కడుతుంది. గుండెపోటు అంటే ఆ గడ్డ. అందుకే ట్రెడ్‌మిల్ టెస్టులో ఏమీ తేలని మనిషి కూడా నెల తిరక్కుండా పడిపోవచ్చు, ఎందుకంటే ఆ టెస్టు చూసేది నాళం ఎంత సన్నబడింది అని, మూత ఎంత పల్చబడింది అని కాదు.

ఇది ఇన్‌ఫ్లమేషన్ జబ్బు, అంటే ఇమ్యూన్ కణాలు రెచ్చిపోయి తెచ్చే వాపు జబ్బు, అనే మాట కొత్తదేం కాదు. జర్మనీలో రుడాల్ఫ్ విర్కో 19వ శతాబ్దంలోనే ధమని గోడలో వాపు లక్షణాలు చూసి చెప్పాడు. తర్వాత 1913లో రష్యాలో నికొలాయ్ అనిచ్‌కోవ్ కుందేళ్ళకి కొలెస్ట్రాల్ తినిపించి ప్లాకులు తెప్పించాడు, ఆ తర్వాత చాలాకాలం అందరి కళ్ళూ కొలెస్ట్రాల్ మీదే. 1999లో రస్సెల్ రాస్ మళ్ళీ ఇన్‌ఫ్లమేషన్‌ని మధ్యలోకి తెచ్చాడు. కానీ అసలు రుజువు 2017లో వచ్చింది, కాంటోస్ అనే ట్రయల్. అంతకుముందే గుండెపోటు వచ్చిన పదివేల మందికి పైగా తీసుకున్నారు. కొలెస్ట్రాల్‌ని అస్సలు ముట్టుకోని ఒక ఇంజెక్షన్ ఇచ్చారు, అది ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే ఒక్క ఇన్‌ఫ్లమేషన్ సిగ్నల్‌ని మాత్రమే అడ్డుకుంటుంది. 150 మిల్లీగ్రాముల డోసు తీసుకున్నవాళ్ళలో గుండెపోటు, పక్షవాతం లాంటివి 15 శాతం తగ్గాయి. కొలెస్ట్రాల్ అక్కడే ఉంది, ఇమ్యూన్ కణాల గొడవ తగ్గితే చాలు, జబ్బు తగ్గింది. ఆ ఇంజెక్షన్ ఖరీదు విపరీతం, పైగా దానివల్ల ప్రాణం తీసే ఇన్ఫెక్షన్లు కాస్త పెరిగాయి, అందుకని గుండెకి వాడకంలోకి రాలేదు. ఇప్పుడు గౌట్‌కి వాడే పాత మందు కాల్చిసిన్‌ని చిన్న డోసులో, 0.5 మిల్లీగ్రాములు, గుండె రోగులకి వాడొచ్చని 2023లో అమెరికా ఎఫ్‌డీఏ ఒప్పుకుంది.

ఇక పొగ. సిగరెట్ పొగలో 7,000కి పైగా రసాయనాలు ఉంటాయి. ఒక్క పఫ్‌లో వెయ్యి లక్షల కోట్ల ఫ్రీ రాడికల్స్, అంటే తగిలినదాన్నల్లా ఆక్సిడైజ్ చేసే అణువులు, ఉంటాయని 1980ల్లోనే లెక్కగట్టారు. ఇందాక చెప్పిన ఎల్‌డీఎల్ ఆక్సిడైజ్ కావడానికి ఇంకేం కావాలి? మీ ఎల్‌డీఎల్ 110, మీ స్నేహితుడిది కూడా 110, రిపోర్టులో అంకె ఒకటే, మీరు పొగ తాగుతుంటే మీ 110 మాక్రోఫేజ్‌లకి ఇష్టమైన 110.

పొగని మొదట ఎదుర్కొనేది ఊపిరితిత్తిలోని మాక్రోఫేజ్‌లే. మామూలు మనిషి ఊపిరితిత్తి స్లయిడ్‌లో అవి అక్కడక్కడా కనపడతాయి. పొగ తాగేవాళ్ళలో గుంపులు గుంపులుగా ఉంటాయి, లోపల గోధుమ రంగు మరకలతో. పేషెంట్ హిస్టరీ చదవకుండానే, స్లయిడ్ చూసి ఈయన తాగుతాడు అని మేం చెప్పేయగలం, ఇంట్లో ఆవిడకి తెలియకపోయినా. ఆ కణాలు ఊరికే మరకలు పూసుకుని కూర్చోవు, సిగ్నల్ ప్రోటీన్లు విడుస్తాయి. అవి రక్తంలో పడి ఎముక మజ్జకి చేరతాయి, మజ్జ న్యూట్రోఫిల్స్ అనే తెల్ల కణాల్నీ మోనోసైట్లనీ ఎక్కువగా బయటికి వదులుతుంది. లివర్‌కి చేరతాయి, లివర్ ఇన్‌ఫ్లమేషన్‌ని చూపించే సీఆర్‌పీ అనే ప్రోటీన్‌నీ, ఫైబ్రినోజెన్‌నీ పెంచుతుంది, ఫైబ్రినోజెన్ పెరిగితే రక్తం గడ్డ కట్టే గుణం పెరుగుతుంది. సీబీపీలో కౌంట్ పెరగడం వెనక ఉన్న దారి ఇదీ. పెరిగిన ఆ మోనోసైట్లు వెళ్ళేది ఎక్కడికి? నైట్రిక్ ఆక్సైడ్ తగ్గిపోయి వీకామ్, ఐకామ్ బయటపెట్టుకుని ఉన్న నాళం గోడకి. ఒకే పొగ రెండు చివరలా పనిచేస్తోంది చూడండి, రక్తంలో కణాల్ని పెంచేదీ అదే, గోడని అంటుకునేలా చేసేదీ అదే.

న్యూట్రోఫిల్స్ గురించి కూడా ఒక మాట. ఇవి అవసరమైతే తమ డీఎన్‌ఏనే బయటికి వలలా విసురుతాయి, బ్యాక్టీరియాని పట్టడానికి. ఆ వలలు రక్తనాళంలో పడితే వాటి మీద గడ్డలు కడతాయి. కొందరిలో మూత చిట్లకుండానే, పై పొర రాలిపోయిన చోట గడ్డ కడుతుంది, ఎరోజన్ అంటాం, అది పొగ తాగేవాళ్ళలోనూ చిన్న వయసు ఆడవాళ్ళలోనూ ఎక్కువ. 1997లో అమెరికాలో హఠాత్తుగా చనిపోయిన 113 మంది మగవాళ్ళ గుండెల్ని పాథాలజిస్టులు పరీక్షించారు, అప్పటికప్పుడు గడ్డ కట్టి పోయినవాళ్ళలో పొగతాగేవాళ్ళు బాగా ఎక్కువ తేలారు. 'నాకింకా 35 ఏళ్ళే, ప్లాక్ పెరగడానికి టైముందిలే' అనుకునే కుర్రాళ్ళు ఇది వినాలి. గడ్డకి అంత టైం అక్కర్లేదు. పైగా మన దక్షిణాసియా వాళ్ళకి మొదటి గుండెపోటే ముందు వస్తుంది. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ పరిశోధనలో మనవాళ్ళ మధ్య వయసు 53, మిగతా దేశాలది దాదాపు 59.

(సభలో నుంచి ఒక అబ్బాయి: సార్, రోజుకి ఒకటో రెండో తాగితే కూడానా?)

మంచి ప్రశ్న, ఇరానీ చాయ్‌తో ఒక్కటే కదా అనేవాళ్ళు ఇక్కడ చాలామందే ఉంటారు. కేన్సర్ విషయంలో తగ్గిస్తే ప్రమాదం దాదాపు ఆ లెక్కనే తగ్గుతుంది. గుండె విషయంలో అలా కాదు బాబూ. 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 141 పరిశోధనల్ని కలిపి చూశారు. రోజుకి 20 తాగేవాడికి గుండె జబ్బు ప్రమాదం ఎంత పెరుగుతుందో, ఒక్కటి తాగేవాడికి అందులో దాదాపు సగం పెరుగుతుంది. ఇరవయ్యో వంతు కాదు, సగం. ఇమ్యూన్ కణాలు, రక్తం గడ్డకట్టే కణాలు చిన్న మోతాదుకే పూర్తిగా లేచి కూర్చుంటాయి కాబట్టి ఇలా అవుతుంది. పక్కవాడి పొగ పీల్చినా గుండె జబ్బు ప్రమాదం 25 నుంచి 30 శాతం పెరుగుతుందనేది కూడా ఇందుకే. అమెరికాలో హెలెనా అని చిన్న ఊరు, 2002లో ఆరు నెలలు పబ్లిక్ చోట్ల పొగ నిషేధించారు, ఊళ్ళో గుండెపోటుతో ఆస్పత్రికి వచ్చేవాళ్ళు 40 శాతం తగ్గారు. కోర్టు నిషేధాన్ని ఆపేసింది, మళ్ళీ పెరిగారు. చిన్న ఊరు కాబట్టి ఆ 40ని నేను గట్టిగా పట్టుకోను, తర్వాత పెద్ద ఊళ్ళలో చూస్తే తగ్గుదల అంతకంటే తక్కువే. తగ్గడం మాత్రం తగ్గింది, అదీ నెలల్లోనే.

సరే, వేప్. ముందు చట్టం సంగతి చెప్పేస్తాను. 2019 నుంచి మన దేశంలో ఈ-సిగరెట్ తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నిషేధం. తయారీకో అమ్మకానికో మొదటిసారి పట్టుబడితే ఏడాది వరకు జైలు, లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. అయినా ఎక్కడెక్కడ దొరుకుతాయో నాకంటే మీకే బాగా తెలుసు. దొంగచాటుగా వచ్చిన సరుకు కాబట్టి లోపలి ద్రవంలో ఏముందో లేబుల్ చూసి నమ్మడానికి లేదు.

వేప్‌లో ఆకు కాలదు. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, ఫ్లేవర్, నికోటిన్ కలిపిన ద్రవాన్ని ఒక లోహపు తీగ వేడి చేస్తుంది, ఆవిరి వస్తుంది. తారు లేదు, కార్బన్ మోనాక్సైడ్ దాదాపు లేదు, ఇది నిజం, దీన్ని దాచిపెట్టి మీకు భయం పెట్టే ఉద్దేశం నాకు లేదు. కానీ ఆ ద్రవం వేడెక్కినప్పుడు ఫార్మాల్డిహైడ్, అక్రోలిన్ లాంటివి పుడతాయి, తీగ నుంచి నికెల్, క్రోమియం రాలతాయి. అక్రోలిన్ ఎండోథీలియానికి పడదు. ఇక ఫ్లేవర్లు. తినడానికి సేఫ్ అని ముద్ర ఉన్నదాన్ని వేడి చేసి పీల్చితే సేఫ్ అని ఎవరూ చెప్పలేదు. స్టాన్‌ఫర్డ్‌లో 2019లో ల్యాబులో పెంచిన ఎండోథీలియం కణాల మీద ఈ ద్రవాలు పోసి చూశారు, దాల్చినచెక్క ఫ్లేవర్ అన్నిటికంటే ఎక్కువ దెబ్బతీసింది, మెంథాల్ కూడా. బిర్యానీలో వేసుకున్న దాల్చినచెక్క గురించి ఇది కాదు, భయపడకండి.

నికోటిన్ లేని వేప్ అయితే ఏం కాదుగా అని అడుగుతారు. పెన్సిల్వేనియాలో 2019లోనే, ఎప్పుడూ పొగ తాగని 31 మంది ఆరోగ్యవంతులైన యువకులకి నికోటిన్ లేని వేప్ ఒక్కసారి ఇచ్చి ఎంఆర్ఐలో తొడ ధమని ఎంత విప్పారుతుందో చూశారు. ఆ విప్పారడం 34 శాతం తగ్గింది. కాసేపటికి సర్దుకుంటుంది అనుకోండి, కానీ రోజుకి ఎన్నిసార్లు ఆ కాసేపు? వేప్ పరికరం జేబులో ఉన్నవాడు సిగరెట్ లాగా ఒకటి తాగి పడేయడు, పొద్దుటి నుంచి రాత్రి దాకా మధ్య మధ్యలో లాగుతూనే ఉంటాడు.

నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది లాస్ ఏంజెలిస్‌లోని యూసీఎల్ఏ వాళ్ళ పని, ఎందుకంటే వాళ్ళు నేరుగా ఇమ్యూన్ కణాల్నే చూశారు. 2017లో మూడు రకాల మనుషుల్ని, ఏదీ తాగనివాళ్ళు, వేప్ వాళ్ళు, సిగరెట్ వాళ్ళు, పెట్ స్కాన్‌లో పెట్టారు. పెట్ స్కాన్‌లో ఎక్కడ కణాలు ఎక్కువ గ్లూకోజ్ తింటుంటే అక్కడ వెలుగుతుంది. వాళ్ళు చూసింది ప్లీహాన్ని, బృహద్ధమని గోడని. ప్లీహం ఎందుకంటే, మోనోసైట్లు అక్కడ పెద్ద ఎత్తున నిల్వ ఉంటాయని, గుండెకి దెబ్బ తగిలితే అక్కడి నుంచి బయల్దేరతాయని 2009లో ఎలుకల్లో తేలింది. అడ్రినలిన్ తరహా నరాల సిగ్నల్ పెరిగితే మజ్జ, ప్లీహం రెండూ కదులుతాయి, నికోటిన్ చేసే పనే ఆ సిగ్నల్ పెంచడం. స్కాన్‌లో ఏం వచ్చిందంటే, తాగనివాళ్ళలో తక్కువ, సిగరెట్ వాళ్ళలో ఎక్కువ, వేప్ వాళ్ళు మధ్యలో. ఇది చాలా చిన్న స్టడీ, మూడు గుంపులూ కలిపి ముప్పై మంది కూడా లేరు, దీని ఒక్కదాని మీద నేను ఏ తీర్పూ ఇవ్వను. కానీ అదే యూనివర్సిటీ వాళ్ళు 2020లో రక్తం తీసి తెల్ల కణాల లోపల ఆక్సిడేటివ్ స్ట్రెస్ కొలిచారు, అక్కడ కూడా అదే వరస. మోనోసైట్లలో, లింఫోసైట్లలో, తాగనివాళ్ళ కంటే వేప్ వాళ్ళకి ఎక్కువ, సిగరెట్ వాళ్ళకి ఇంకా ఎక్కువ. వీళ్ళందరూ ఏ జబ్బూ లేని యువకులు. రెండు వేరు వేరు కొలతలు ఒకే మెట్ల మీద నిలబడ్డాయి, ఆ మాటకి నేను విలువిస్తాను.

ఊపిరితిత్తి వైపు ఇంకోటుంది. అమెరికాలో బేలర్ మెడికల్ కాలేజీ వాళ్ళు 2019లో ఎలుకలకి నికోటిన్ లేని వేప్ ఆవిరి పట్టించారు. వాటి ఊపిరితిత్తుల్లో మాక్రోఫేజ్‌లు కొవ్వుతో నిండిపోయాయి, ఫ్లూ వైరస్ వచ్చినప్పుడు సరిగా పనిచేయలేకపోయాయి. ఇది ధమనిలో ఫోమ్ సెల్ లాంటిదే అని నేను అనడం లేదు, చోటు వేరు, కొవ్వు వచ్చే దారి వేరు. కానీ నీటి ఆవిరే కదా అన్న మాట మాత్రం ఇక నిలబడదు.

(ఒక మహిళ: సార్, మరి మావారు 20 ఏళ్ళుగా సిగరెట్ తాగుతారు, అది మానేసి వేప్ పడితే మంచిదేనా? ఆయన ఫ్రెండ్స్ అదే అంటున్నారు.)

అమ్మా, ఇక్కడ రెండు ప్రశ్నలు కలిసిపోయి గొడవంతా వస్తోంది. ఇప్పటికే ప్యాకెట్ తాగే మనిషి పూర్తిగా, ఒక్కటి కూడా మిగల్చకుండా మారితే నాళం కొంత కోలుకుంటుంది, స్కాట్లండ్‌లోని డండీలో 2019లో 114 మంది మీద చూస్తే నెలలోనే తేడా వచ్చింది. ఆ విషయం దాచను. కానీ నేను చూసినంతలో జనం చేసేది అది కాదు, ఆఫీసు లోపల వేప్, కిందికి దిగితే పాన్ డబ్బా దగ్గర సిగరెట్, అంటే రెండూ. ఇందాకటి ఒక్క సిగరెట్ లెక్క గుర్తు చేసుకోండి, ఆ మిగిలిన రెండు మూడే చాలు. మన దగ్గర అది చట్టవిరుద్ధం కూడా, మీవారిని దొంగసరుకు కొనుక్కోమని నేనెట్లా చెప్తాను? మానాలనుకునేవాళ్ళకి నికోటిన్ ప్యాచ్ ఉంది, నికోటిన్ చూయింగ్ గమ్ ఉంది, వారెనిక్లిన్ మాత్ర ఉంది. రెండో ప్రశ్న, ఏదీ తాగని 18 ఏళ్ళ పిల్లాడు మ్యాంగో ఫ్లేవర్‌తో మొదలుపెట్టడం. వాడికి ఇందులో కోలుకోవడానికి ఏమీ లేదు, పోగొట్టుకోవడానికే ఉంది. మొదటి ప్రశ్నకి వచ్చిన జవాబు తెచ్చి రెండోదానికి అతికిస్తున్నారు అమ్మేవాళ్ళు, నా కోపం వాళ్ళ మీదే.

(వెనక నుంచి: ప్యాచ్‌లో కూడా నికోటినే కదా సార్?)

నికోటినే. కానీ చర్మం గుండా నెమ్మదిగా, తక్కువగా వస్తుంది, అక్రోలిన్ లేదు, కణాల్ని రెచ్చగొట్టే పొగ లేదు. నికోటిన్ ఒక్కటే దోషి అనుకోవద్దు. మాక్రోఫేజ్‌ల మీద ఒక రిసెప్టర్ ఉంది, నికోటిన్ దాన్ని నొక్కితే ఇన్‌ఫ్లమేషన్ తగ్గుతుందని కూడా 2003లో చూపించారు. ఒకవైపు నరాల ద్వారా కణాల్ని లేపుతుంది, ఇంకోవైపు కొన్నిటిని జోకొడుతుంది. కాబట్టి మానడానికి కొన్ని వారాలు ప్యాచ్ వేసుకునేవాడికి నేను అడ్డుపడను. హుక్కా గురించి ఎవరో చీటీ పంపారు, నీళ్ళలోంచి వస్తుంది కదా అని. నీళ్ళు పొగని చల్లబరుస్తాయి, కార్బన్ మోనాక్సైడ్‌ని ఆపవు. గంట కూర్చుంటే పీల్చే పొగ పరిమాణం ఒక సిగరెట్‌కి వంద రెట్లు ఉండొచ్చు. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో హుక్కా పార్లర్లని నిషేధిస్తూ అసెంబ్లీ బిల్లు పాస్ చేసింది.

మానేస్తే ఏమవుతుంది? ఈ భాగం చెప్పడం నాకిష్టం. సీబీపీలో పెరిగిన కౌంట్ వారాల్లో, నెలల్లో దిగడం మొదలవుతుంది. పొగ వల్ల పెరిగిన గుండె జబ్బు ప్రమాదం ఏడాదికి దాదాపు సగమవుతుంది. అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ గుండె పరిశోధన వాళ్ళు 2019లో బాగా ఎక్కువ తాగి మానేసినవాళ్ళని చూస్తే, తాగుతూనే ఉన్నవాళ్ళతో పోలిస్తే అయిదేళ్ళలో 39 శాతం ప్రమాదం తగ్గింది, పూర్తిగా తాగనివాళ్ళ స్థాయికి రావడానికి మాత్రం పది పదిహేనేళ్ళు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు. ఎందుకంత కాలం అనేదానికి 2024లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ కొంత జవాబు చెప్పింది. వెయ్యి మంది ఆరోగ్యవంతుల రక్తాన్ని రకరకాల సూక్ష్మజీవుల పదార్థాలతో రెచ్చగొట్టి చూశారు. పుట్టుకతో ఉండే ఇమ్యూనిటీ, అంటే మోనోసైట్ల తరహా స్పందన, పొగ తాగేవాళ్ళలో అతిగా ఉంది, మానేసినవాళ్ళలో త్వరగానే మామూలైపోయింది. టీ కణాల, అంటే ఎదురైన సూక్ష్మజీవిని గుర్తుపెట్టుకునే తెల్ల కణాల, స్పందన మాత్రం మానేసి పది పదిహేనేళ్ళయినా మారిన గుర్తులతోనే ఉంది. డీఎన్‌ఏ మీద పడిన మిథైల్ గుర్తులతో, అంటే జీన్ల పనిని మార్చే రసాయన గుర్తులతో, దానికి సంబంధం కనపడింది. అయితే నాకు ఇందులో ఆశే ఎక్కువ కనపడుతుంది, ధమని గోడలోకి దూరి మూతని తినే కణాలు త్వరగా మారే గుంపులోవి. టీ కణాల గుర్తులు ఉండిపోతాయి కాబట్టి 19 ఏళ్ళకి మొదలుపెట్టకపోవడం వేరే లాభం.

(ఒక పెద్దాయన: మా తమ్ముడు నిజామాబాద్‌లో ఉంటాడు డాక్టర్‌గారూ, సిగరెట్ ముట్టడు, బీడీలే. ఆకు కాబట్టి నేచురల్ అంటాడు.)

తునికాకు నేచురలే పెద్దాయనా, లోపల పొగాకూ నేచురలే, ఉమ్మెత్త కూడా నేచురలే. మన దేశంలో 2016-17 సర్వే ప్రకారం పెద్దవాళ్ళలో సిగరెట్ తాగేవాళ్ళు 4 శాతం, బీడీ తాగేవాళ్ళు 7.7 శాతం. ఇంటర్‌హార్ట్‌లో బీడీ తాగేవాళ్ళకి గుండెపోటు ప్రమాదం సిగరెట్ వాళ్ళతో సమానంగానే వచ్చింది. మోనోసైట్‌కి చుట్టింది కాగితమా, ఆకా అనే తేడా తెలియదు. మీ వైపు ఆడవాళ్ళు ఇంట్లో కూర్చుని రోజంతా ఆ పొగాకు పొడి పీలుస్తూ బీడీలు చుడతారు, తాగకుండానే. వాళ్ళ గురించి ఒక సభ విడిగా పెట్టాలి, నన్ను పిలవకపోయినా వస్తాను.

(అదే పెద్దాయన: నాకు స్టెంట్ పడింది, కొలెస్ట్రాల్ మాత్ర, బ్లడ్ థిన్నర్ వేసుకుంటున్నాను. నేను రోజుకి రెండు తాగుతాను, మాత్రలున్నాయి కదా?)

ఇప్పుడు తమ్ముడి మీద నుంచి మీ మీదకి వచ్చారు, సంతోషం. మీరు వేసుకునే కొలెస్ట్రాల్ మాత్ర, స్టాటిన్ అంటాం, ఎల్‌డీఎల్‌ని తగ్గిస్తుంది, సీఆర్‌పీని కూడా తగ్గిస్తుంది, మంచి మందు, ఎవరు చెప్పినా ఆపొద్దు. కానీ స్టాటిన్ వేసుకుంటూ తాగేవాళ్ళకి, స్టాటిన్ వేసుకుంటూ తాగనివాళ్ళకంటే గుండెపోట్లు ఎక్కువే వస్తున్నాయి. మాత్ర ఎల్‌డీఎల్ ఎంతుందో చూసుకుంటుంది, ఉన్న కాస్తనీ ఆక్సిడైజ్ చేసే పని మీ రెండు సిగరెట్లు చూసుకుంటున్నాయి. స్టెంట్ వేసిన చోట ఎండోథీలియం మళ్ళీ పరుచుకోవాలి, ఆ పొరకే పొగ పడదు. మీ కార్డియాలజిస్టుకి ఈ రెండు సంగతి చెప్పారా? చెప్పలేదని మీ మొహమే చెప్తోంది. రేపు వెళ్ళినప్పుడు చెప్పండి, తిడతారేమోనని ఆగొద్దు, మానడానికి మందు రాయమని అడగండి. గమ్ అయితే 2 మిల్లీగ్రాములు, 4 మిల్లీగ్రాములు అని రెండు రకాలుంటాయి, పొద్దున్నే లేచిన అరగంటలోపే మొదటిది వెలిగించే అలవాటున్నవాళ్ళకి సాధారణంగా 4 రాస్తారు, మీకు ఏది అనేది ఆయన చూసి చెప్తారు. అదొక్కటే కాదు, ప్రభుత్వ క్విట్‌లైన్ ఉంది, ఫ్రీ, 1800-11-2356, తెలుగులో కూడా మాట్లాడతారు. సిగరెట్ ప్యాకెట్ మీద ఆ నంబర్ ఉంటుంది, జేబులో ఉన్న ప్యాకెట్ తీసి సరిచూసుకోండి, ఇప్పుడు నాన్నగారు చూసినా ఫర్వాలేదు.